డచ్చి తాతకు ఊ కొట్టిన కథ

ఆ రోజుల్లో ఏదైనా రాదని ఒప్పుకోవడం కన్నా, వచ్చని చెప్పి తర్వాత నేర్చుకోవడమే తేలికనిపించేది నాకు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో యూనివర్సిటీకి వెళ్తూ, కానింగ్ వేల్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పార్ట్‌టైం పని చేసేవాణ్ణి. అక్కడొక డచ్చి తాత ఉండేవాడు. కుర్రతనంలో హాలండ్ నుంచి ఓడెక్కి వచ్చినవాడు. వయసు పైబడి ఇంగ్లీషంతా మరిచిపోగా పుట్టుభాష ఒక్కటే మిగిలింది. డచ్చి వచ్చినవాళ్ళకు ఆయన దగ్గర పర్మనెంటు పని ఇస్తారని విని, నాకు వచ్చని చెప్పేశాను.

ఆ వారమే లైబ్రరీ నుంచి వ్యాకరణ పుస్తకం తెచ్చాను. వస్తువులైతే వేలితో చూపించుకోవచ్చు కదా అని (నా తెలివి మీద నాకప్పుడు మహా నమ్మకం) ఒక్క ప్రిపొజిషన్ల అధ్యాయమే బట్టీ పట్టాను. ‘ఓప్’ అంటే మీద, ‘ఒండర్’ అంటే కింద, ‘మెట్’ అంటే తో, ‘నార్’ అంటే కి. మనకివి మాట వెనక నడుస్తాయి, వాళ్ళకు ముందు నడుస్తాయి. దిండు నడుం కింద పెట్టాలా, పక్కన పెట్టాలా అన్నంతవరకు బాగానే నెట్టుకొచ్చాను. సాయంత్రాలు మాత్రం తాత ఏవేవో కబుర్లు చెప్పేవాడు. పెద్దవాళ్ళు చెబుతుంటే ఊ కొట్టకపోవడం మా ఇంట్లో పెద్ద తప్పు. అందుకని ప్రతి వాక్యానికీ “యా, యా” అని డచ్చిలో ఊ కొట్టేవాణ్ణి. ‘మెట్’, ‘నార్’ తరచూ వినపడితే, ఎవరితోనో ఎక్కడికో వెళ్ళిన పాత ముచ్చట అనుకున్నాను.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి తాత కోటు, టోపీ వేసుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఏదో సంబరంలో టిఫిన్ కూడా ముట్టలేదట. ఆయన కూతురు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. నాన్నను సముద్రానికి తీసుకెళ్తానని మూడు వారాలుగా నేను రోజూ మాటిస్తున్నానట.

మా సూపర్‌వైజర్, గుంటూరు ఆంటీ, నన్ను పక్కకు లాగింది.

“పర్మిషన్ లేకుండా ఎట్లా ప్రామిస్ చేశావు?”

“చెయ్యలేదు ఆంటీ. ఊ కొట్టానంతే.”

“డచ్ వచ్చన్నావుగా?”

“ప్రిపొజిషన్లు వచ్చు.”

“మిగతాది?”

జవాబుగా చూపుడు వేలు చూపించాను. “నీ జాబ్ సంగతి రేపు చూద్దాం. ముందు ఆయనకు నువ్వే చెప్పు,” అంది.

తాత కుర్చీ ముందు కూలబడి అంతా ఒప్పుకున్నాను. కూతురు డచ్చిలో వినిపించింది. తాత ఏదో అన్నాడు. అలాగైతే మూడు వారాలుగా చెప్పిందంతా మళ్ళీ మొదట్నుంచీ చెబుతాడట, నన్ను కారెక్కమన్నాడట. సముద్రం దాకా కారు కూతురే నడిపింది. దారి పొడుగునా ఆయన చెప్పాడు, ఆమె అనువదించింది, నేను జన్మలో మొదటిసారి “అర్థం కాలేదు” అనడం నేర్చుకున్నాను. పర్మనెంటు పని డచ్చి నిజంగా వచ్చిన ఒకావిడకు వెళ్ళింది, న్యాయంగానే.

ఇప్పుడు ఎవరేం చెప్పినా మధ్యలో ఆపి, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమంటాను. ఊరికే ఊ కొడితే నా సొమ్మేం పోతుందని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆమె విసుగును మాత్రం మారుమాట లేకుండా చివరిదాకా వింటాను.