కండెల పాటలో ఆగే చోటు

నా భార్య రాట్నం ముందు కూర్చుని, మగ్గానికి కండెలు చుడుతూ ఒక పాట పాడేది. పోగు తెగితే పాట ఆపి, ముడి వేసి, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేది. అందుకే ఆ పాట ఏ రెండు రోజులూ ఒకే పొడుగు ఉండేది కాదు. నేను నేతగాణ్ని, చీర అంచులో పువ్వుకు ఏ పోగులు లేపాలో లెక్క కట్టడం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నవాణ్ని. ఏది చూసినా లెక్కలోకి లాగడం నా అలవాటు. ఆ పాట మాత్రం నా లెక్కకు ఎప్పుడూ అందలేదు. నిరుడు ఆమె చనిపోయింది. పాటను ఫోన్లో రికార్డు చేసుకోవాలని మాకెవరికీ తోచలేదు.

మా అమ్మాయి సిద్దిపేటలో హాస్టల్లో ఉండి పీజీ చదువుతోంది. ఫ్రెషర్స్ డేకి "అవ్వ పాట పాడుత బాపూ" అంది. తల్లిని అవ్వ అనే పిలిచేది. సంతోషపడ్డాను. క్లాసు పిల్లలు ముందే డీజే బీటు తయారుచేసి, దానికి సరిపోయేలా పాడించారు. రోజూ సాయంత్రం అదే ప్రాక్టీసు.

ఫ్రెషర్స్ డే నాడు నేనూ వెళ్లాను. స్పీకర్ల దెబ్బకు కుర్చీ అదిరింది. పాటలో ఊపిరి తీసుకునే సందు లేదు. కాలేజీ అంతా లేచి ఎగిరింది. ఒక పిల్లవాడు నా చెయ్యి పట్టి లాగాడు.

"అంకుల్, రెండు స్టెప్పులెయ్యున్రి! ఆంటీకి మేం చెప్పంలే!"

"కాళ్లు నొస్తున్నయి బిడ్డా" అన్నాను.

పాట అయ్యాక అమ్మాయి చెమటలతో పరుగెత్తుకొచ్చింది. "ఎట్లుంది బాపూ?"

"మస్తుంది బిడ్డా."

అబద్ధం చెప్పలేదు. దాని గొంతులో తల్లి గొంతు ఉంది.

ఆదివారం ఇంటికొస్తే, "అవ్వ పాడినట్టు ఒక్కసారి పాడు" అని అడిగాను. మొదలుపెట్టింది. కాసేపటికే దాని వేళ్లు మోకాలి మీద బీటు కొట్టాయి. ఆపి, మళ్లీ మొదలుపెట్టింది.

"అవ్వ గిట్ల పాడకపోయేది గదా?"

"ఇంకొంచెం మెల్లగ."

మెల్లగా పాడింది. అదే బీటు, మెల్లగా నడిచింది. చేతులు వెనక్కి కట్టుకుని కూడా ప్రయత్నించింది.

"నాకు అస్తలేదు. నువ్వన్న అందుకో బాపూ."

గొంతు సవరించుకున్నాను. పెళ్లైన నాటి నుంచీ విన్న పాట. మొదటి మాట నోటికి రాకముందే చెవుల్లో ఆ స్పీకర్లు మొదలయ్యాయి.

"నేనే చెడగొట్టిన్నా?" అంది, కళ్ల నిండా నీళ్లతో.

"నీదేం లేదు బిడ్డా. అవ్వ పాటను మనమే దాసిపెట్టుకోలేదు, అంతే."

ఇప్పుడు కండెలు నేనే చుట్టుకుంటున్నాను. పోగు తెగితే ముడి వేస్తాను. రాట్నం తిప్పేముందు కాసేపు ఆగుతాను. ఏ మాట దగ్గర అందుకోవాలో గుర్తురాదు. ఊరికే తిప్పుతాను.