అరటి అడిగితే గొర్రెలొచ్చాయి

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి పైన, రెండు గదుల్లో ఫరహత్ కంప్యూటర్ సెంటర్ నడిపేది. మెట్ల దగ్గర విడిచిన చెప్పులు చూస్తే లోపల ఎవరున్నారో ఆమెకు తెలిసిపోయేది. వానాకాలంలో నల్లరేగడి మట్టి అంటిన జత కనిపించిందంటే, మైలవరం పక్క పల్లె నుంచి రేణుక వచ్చిందన్నమాట.

ఆ గదుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ వీధిలో పోవాల్సి వస్తే ఫరహత్ ఇప్పటికీ ఒకసారి తలెత్తి ఆ కిటికీ వంక చూస్తుంది. ఎండాకాలం ఆ కిటికీకి తడిపిన గోనెపట్ట కట్టేవాళ్ళు. ఏసీ లేదు. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ పిల్లలకు కాకుండా మూలనున్న సర్వరు పెట్టెకు తిప్పి పెట్టేది. "మేడమ్‌కు మా కంటే ఆ డబ్బా మీదనే పానం" అని పిల్లలు నవ్వేవాళ్ళు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు రేణుక ఆమె దగ్గర చేరింది. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. తండ్రి తిరుపాల్ కాపరుల సంఘానికి పెద్ద. టైపింగు నేర్చుకుంటానని వచ్చిన పిల్ల, ఏడాది తిరిగేసరికి తండ్రి సంఘం కోసం ఒక వెబ్‌సైటు కట్టింది. ఎవరి మందలో ఏ పొట్టేళ్ళు అమ్మకానికి ఉన్నాయో ఫోటోలతో సహా అందులో కనబడేది. జమ్మలమడుగు సంతకు తోలుకుపోకముందే కొనేవాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు.

ఆ సంగతి ఎట్లా తెలిసిందో, లింగాల నుంచి నారాయణ వచ్చాడు. పులివెందుల చుట్టుపక్కల తోటల నుంచి ఢిల్లీ లారీలకు అరటికాయ ఎత్తించే రైతు. ఊళ్ళో మాట చెల్లే మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గొర్రెలోళ్ళకు ఉండాదంట. నాకు లేకపోతే ఎట్లమ్మా?"

అట్లా ఆయనకూ ఒక సైటు తయారైంది. చిక్కేమిటంటే, సెంటర్లో సర్వరు పెట్టె ఒక్కటే, ఇంటర్నెట్‌లో దానికున్న చిరునామా ఒక్కటే. లోపల మాత్రం మూడు అప్లికేషన్లు: సెంటరుది, గొర్రెలది, అరటిది. బయటి నుంచి ఎవరు ఏది అడిగినా ముందు ఒక ప్రోగ్రాము అందుకుంటుంది. ఏది ఏ అప్లికేషన్‌కు పోవాలో దానికి నియమాలు రాసి పెట్టాలి. ఫరహత్ మొదట సెంటర్ పేరు చివర ఉన్న మాటను బట్టి పంపింది. పేరు తర్వాత ఒక గీత కొట్టి గొర్రెలు అని రాస్తే గొర్రెల సైటు, అరటి అని రాస్తే అరటి సైటు.

గొర్రెలది చక్కగా వచ్చింది. అరటిది తెరిస్తే అక్షరాలొచ్చాయి గానీ ఒక్క గెల ఫోటో కూడా రాలేదు. ఫరహత్, రేణుక ఇద్దరూ అన్నాలు మరిచి దాంతో కుస్తీ పట్టారు. కింద వీధిలో బండి నుంచి తెప్పించిన కారం దోసెలు పొట్లంలోనే చల్లారిపోయాయి. చివరికి దొరికింది. ఆ అప్లికేషన్ తన ఫోటోలను అడిగేటప్పుడు అరటి అన్న మాట వదిలేసి, ఉత్త సెంటర్ పేరు మీదే అడుగుతోంది. ఆ అడిగింది సెంటర్ సైటుకు పోతోంది. అక్కడ గెలలెక్కడివి?

అది సర్ది చూపిస్తే నారాయణకు ఇంకో చోట కుట్టింది.

"మీ సెంటర్ పేరు ముందు, నా తోట ఎనకాలనా? కుదరదమ్మా. నా దానికి నా పేరే ఉండాల."

ఆ పట్టుదల ఫరహత్‌కు నచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరి సైటు పేరు వాళ్ళకు విడిగా కొన్నారు. వచ్చిన వాళ్ళు ఏ పేరు అడిగితే ఆ పేరును బట్టి ఆ అప్లికేషన్‌కు పంపేటట్టు నియమాలు తిరగరాశారు. పెట్టె అదే, చిరునామా అదే.

రెండో రోజే పులివెందుల నుంచి ఫోనొచ్చింది. వెనక లారీ హారన్లు, హిందీ మాటలు.

"ఏందమ్మా ఇది! నా పేరు కొడితే గొర్రెలొస్తాండాయి! ఢిల్లీ సేట్లు నా పక్కనే ఉండారు. నవ్వుతాండారు!"

ఫరహత్ పరుగున పోయి సర్వరు పెట్టె ముందు కూర్చుంది. నియమాల ఫైలు తెరిచి చూస్తే, నారాయణ తోట పేరులో ఒక అక్షరం ఆమే తప్పు కొట్టింది. ఏ నియమానికీ సరిపోని పేరు వస్తే, ఆ ప్రోగ్రాము వరసలో మొదటి నియమానికి పంపేస్తుంది. మొదట ఉన్నది గొర్రెలు. అక్షరం దిద్ది, మళ్ళీ నడిపించి, భయం భయంగా తానే ఫోన్ చేసింది. రేణుక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"ఇప్పుడు గెలలొచ్చినాయిలే," అన్నాడు నారాయణ. గొంతులో కోపం లేదు. "సేట్ల డ్రైవరు ఆ పొట్టేళ్ళు యాడియి అని అడుగుతాండాడు. ఎవురివి?"

"మా నాయనవే!" అని రేణుక పక్క నుంచి అరిచేసింది.

ఆ బేరం కుదరలేదు గానీ, నారాయణ మాత్రం ఒకనాడు మైలవరం పోయి మంద చూసొచ్చాడు. అప్పటి నుంచి ఆయనా తిరుపాలూ ఒకరినొకరు మామా అని పిలుచుకున్నారు. తోట ఖాళీ అయినప్పుడల్లా తిరుపాల్ మంద ఎరువు కోసం లింగాలలో దిగేది. ఫరహత్ ఆ రోజే అన్నిటికీ ముందు ఇంకో నియమం రాసింది: పేరు తెలియకపోతే ఎవరి సైటుకూ పంపకుండా, అట్లాంటి పేరు ఇక్కడ లేదని మర్యాదగా చెప్పే చిన్న పేజీ.

కరోనాకు సెంటర్ మూతపడింది. బల్లలు ఒక ట్యూషనాయన తీసుకుపోయాడు. సర్వరు పెట్టె మాత్రం ఫరహత్ ఇంటికి చేరి, బియ్యం డబ్బా పక్కన గుయ్యిమంటూ ఇన్నేళ్ళూ నడిచింది. ఈ వేసవిలో అది మాటిమాటికీ ఆగిపోవడం మొదలుపెట్టాక, కడపలో ఉద్యోగం చేస్తున్న రేణుక ఒక ఆదివారం వచ్చింది. ఉన్నవన్నీ అద్దె సర్వరుకు ఎక్కించాలని ఇద్దరూ కూర్చున్నారు. గొర్రెల సైటు రోజూ ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. అరటి సైటుకు ఎవరూ రావడం లేదు. నారాయణ మోకాళ్ళ నొప్పులతో వ్యాపారం మానేసి, తోట కౌలుకిచ్చేశాడు.

"అన్నా, నీ పేరు తీసేద్దామా?" అని ఫరహత్ ఫోన్‌లో అడిగింది.



"తియ్యద్దులేమ్మా. మా సుప్రియ, మనవరాలు, స్నేహితురాళ్ళకు చూపిస్తాది. మా జేజినాయన తోట అని. ఆ ఫోటోల్లో నేను నిలబడుండాను గదా, నడిచే కాళ్ళతో."

 అప్లికేషన్ మొత్తం అక్కర్లేదని, ఫరహత్ ఫోటోలను మాత్రం ఒక పేజీగా పేర్చింది. నారాయణ తోట పేరు అడిగినవాళ్ళను ఆ పేజీకి పంపమని కొత్త నియమం తానే టైపు చేసింది. అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. రేణుక ఈసారి నవ్వలేదు, పక్కన కూర్చుని వింది.

ఫోన్‌లో పేజీ తెరుచుకుంది. గెలల మధ్య తెల్ల చొక్కాలో, చెయ్యి నడుముకు పెట్టుకుని నారాయణ. ఫరహత్ ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"శానా పడుచుగా ఉండాడు మేడమ్," అంది రేణుక.

"మనమూ ఉంటిమి," అని ఫరహత్ లేచి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.