మూడో సీసాకు పెట్టిన సంతకం

ఎగ్బర్ట్ బోవెల్ ముప్పై నాలుగేళ్లు సెయింట్ ఫిలిప్‌లోని డిస్టిలరీలో రమ్ము కలిపాడు. ఏ పీపాలోది ఎంత తీసి, ఏ పీపాలోదానితో కలపాలో చెప్పడం ఆయన పని. అక్కడ తయారయ్యే వుడ్‌డవ్ రమ్ము ఖరీదైన సరుకేం కాదు. చెరకు కొట్టేవాళ్లూ, చేపలు పట్టేవాళ్లూ, బస్సు నడిపేవాళ్లూ తాగేది. కానీ ఏమీ కలపకుండా చిన్న గ్లాసులో పోసుకుని కొద్దికొద్దిగా చప్పరించదగ్గ చవక రమ్ము బార్బడోస్ దీవి మొత్తానికి అదొక్కటేనని, ఊళ్లో యూడీన్ నడిపే రమ్ము కొట్లో కూర్చునే మగాళ్లంతా ఒట్టేసి చెబుతారు. డిస్టిలరీ మూతపడి పన్నెండేళ్లయింది. అప్పట్నుంచీ ఏ కొత్త సీసా వచ్చినా కొనడం, నాలుగు రకాలు పక్కపక్కన పోసి పోల్చడం, తిట్టుకుంటూనే తాగడం వాళ్లకు అలవాటైపోయింది.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త రమ్ము ఏదైనా సరే, ముందు ఎగ్బర్ట్ నోరు విప్పాలి. ఆయన నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది, ఘాటు ఎగిరిపోయేదాకా ఆగి, కళ్లు మూసుకుని వాసన చూస్తాడు. ఆయన పనికిరాదంటే ఇక అది పనికిరాదు. పర్వాలేదంటే మరో సీసా తెస్తారు. ఆయన చెప్పాక ఎదురు చెప్పిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. జడ్జిగారికైనా ఆ ఊళ్లో అంత మర్యాద జరగదు.

కానీ నిరుడు వచ్చిన జ్వరంతో ఎగ్బర్ట్‌కు వాసన పూర్తిగా పోయింది. వేయించిన చేప తెలియదు, మాడిన అన్నం తెలియదు. రుచి కూడా దాంతోపాటే పోయింది. ఎవరికీ చెప్పలేదు. రుద్దిన చేతులు జిగురుగా ఉంటే పంచదార కలిపారనీ, గొంతు మరీ మండితే పచ్చి సరుకనీ ఊహించి చెబుతూ ఏడాది నెట్టుకొచ్చాడు. ఆ దొంగబతుకంటే ఆయనకే అసహ్యం వేసేది.

ఇలా ఉండగా వుడ్‌డవ్ పేరును ఎవరో కొత్తవాళ్లు కొన్నారు. ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ల మనిషి, ట్రాట్మన్ అనే అమ్మాయి, మూడు సీసాలతో యూడీన్ కొట్టుకు వచ్చింది.

"సార్, వీటిలో ఒకటి పాత పీపాల్లో మిగిలిన రమ్ముతో, పాత లెక్క ప్రకారం కలిపింది. రెండు కొత్తవి. అసలు వుడ్‌డవ్ ఇదేనని మీరు దేనికి సంతకం పెడితే అదే అమ్ముతాం."

పన్నెండేళ్ల ఎదురుచూపు బల్ల మీదికి వచ్చింది. డొమినో ఆట ఆగిపోయింది. యూడీన్ అందరికీ మూడు రకాలూ వరసగా పోసింది. మొదటి గ్లాసు ఎత్తగానే బస్సు డ్రైవరు డార్న్లీ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అయినా ఎవరూ మాట్లాడలేదు, పద్ధతి అది. కళ్లు మూసుకున్న ఎగ్బర్ట్‌కు ఇదేదీ కనపడలేదు.

రెండోది చేతికి అంటుకుంది, కాబట్టి అది కాదు. మిగిలిన రెంటిలో మూడోది కాస్త తక్కువ మండింది. పీపాలో ముదిరిన సరుకు మెత్తగా ఉంటుంది గదా అని ఆయన ధైర్యం తెచ్చుకున్నాడు.

"మూడోది," అన్నాడు.

ఎవరూ కిక్కురుమనలేదు. అదంతా గౌరవమే అనుకుని ఎగ్బర్ట్ సంతకం పెట్టాడు. ఆ అమ్మాయి చెయ్యి కలిపి, కారెక్కి వెళ్లిపోయింది.

"అన్నా," అంది యూడీన్, "నీకు వాసన పోయి ఎన్నాళ్లయింది?"

"ఏం కూతలవి?"

"మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే మా నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు ఉంది నాకు. నీకు చీమ కుట్టినట్టయినా లేదు."

ఎగ్బర్ట్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "మరి అప్పుడే చెప్పి చావొచ్చుగా!"

"నువ్వు చెప్పాక మేం నోరెత్తడమా, పెద్దాయనా?" అన్నాడు డార్న్లీ. "ఏనాడైనా ఎత్తామా? నా నాలుకే చెడిందేమో అనుకున్నా."

పరువు పోతే పోయిందని ఎగ్బర్ట్ అందరి ముందే ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నాకు ఏడాదిగా వాసన తెలీదు. తప్పు చెప్పాను. మొదటిది, మొదటిదే అసలుది. కావాలంటే ఇక్కడ ఎవర్నైనా అడుగు."

"అయ్యో సార్, ఆఫీసుకు చెప్పేశాను. మూడోదని వినగానే మావాళ్లు ఎగిరి గంతేశారు, తయారీకి అదే చవక. పాత పీపాలు ఇక అక్కర్లేదని, వాటిని అమ్మేయడానికి ఇందాకే బేరం ఒప్పేసుకున్నారు. మీరేం బెంగపెట్టుకోకండి. సీసా మీద మీ పేరు పెద్దక్షరాల్లో వేస్తాం."

ఎగ్బర్ట్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మొదటి సీసాలో మిగిలినదాన్ని యూడీన్ అందరి గ్లాసుల్లోకీ సమంగా వంచి, ఒకటి ఆయన ముందు కూడా పెట్టింది. మగాళ్లు ఒక్కో చుక్కా నాలుక మీద నిలుపుకుంటూ, ఎంత ఆలస్యం చెయ్యగలరో అంత ఆలస్యంగా తాగారు. డార్న్లీ టోపీతో కళ్లు తుడుచుకున్నాడు. ఎగ్బర్ట్ వాళ్ల ముఖాలనే చూస్తూ తన గ్లాసు ఖాళీ చేశాడు.

"ఎలా ఉందన్నా?" అంది యూడీన్, ఏం అడుగుతోందో తనకే తెలియక.

"మండుతోందమ్మా," అన్నాడు ఎగ్బర్ట్.