పుష్పవతి గారి మీద నేను వేసిన నింద

పుష్పవతి గారి గురించి రాయాల్సిన మనిషిని నేను కాదు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పగలవాళ్లు చాట్రాయి రోడ్డు పొడవునా ఉన్నారు. అయినా నేనే రాస్తున్నాను, ఎందుకంటే ఆవిడ మీద నింద వేసింది నేను. ఏడాదిపాటు ఆవిడ దాన్ని మోశారు. నాకు తెలియదని తప్పించుకోవడానికి లేదు. తెలుసుకుందామని నేను అనుకోలేదు, అంతే.

నా పేరు రవికిరణ్. నూజివీడు బస్టాండుకు కాస్త అవతల కంప్యూటర్ రిపేరు షాపు నాది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. చేయి తిరిగినవాడినని పేరుంది. ఆ పేరు మీద నాకు చాలా మోజు ఉండేది, సంగతంతా అక్కడే మొదలైంది.

పుష్పవతి గారు నాలుగో తరగతితో బడి మానేశారు. పద్దెనిమిదో ఏట ఇప్పుడుంటున్న ఇంటికి రెండో కోడలుగా వచ్చారు. వాళ్లకు పన్నెండెకరాల మామిడి తోట ఉంది. చెట్టు మీద ఉన్నంతకాలం కాయ మగవాళ్లది, ఇంటికి చేరాక ఆవిడది. గదిలో వరిగడ్డి పరిచి, కాయలు వరసగా పేర్చి, మళ్లీ గడ్డి కప్పి మాగేసేవారు. కార్బైడ్ పొట్లాన్ని ఆ గడప తొక్కనిచ్చేవారు కాదు. కాయను చేత్తో నొక్కి చూడరు, నొక్కితే కందిపోతుందట. వాసన చూసి "ఇది రేపటికి, ఇది ఎల్లుండికి" అని వేరు చేస్తారు. ఆవిడ ఎల్లుండి అన్న కాయ ఎల్లుండే పండేది. తోటలో పుట్టి పెరిగిన వాళ్లాయన వెంకటకృష్ణారావు గారు కూడా ఆ విషయంలో ఆవిడ మాటకు ఎదురు చెప్పరు.

ఆ పని చేస్తున్నంతసేపూ పాడతారు. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, పసిపిల్లల లాలిపాటలు. వాళ్ల అమ్మ దగ్గర కొన్ని, మేనత్త దగ్గర కొన్ని, తోటలో కాయలు ఏరడానికి వచ్చే ఆడవాళ్ల దగ్గర కొన్ని నేర్చుకున్నారు. చుట్టుపక్కల ఏ పెళ్లికైనా ముందు ఆవిణ్ణి పిలిచి, తర్వాతే మైకు సెట్టు కుదుర్చుకునేవాళ్లు. గొంతు గొప్పదేమీ కాదు, కొంచెం బొంగురు. కానీ పాట మధ్యలో తడబడటం మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ ఇంటి పెద్ద కోడలు సూర్యకాంతం గారు. బాపులపాడు వైపు ఒక హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ భర్త పోయాక తోడికోడళ్లిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. ఆ పాటలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి పెట్టాలన్న ఆలోచన ఆవిడదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పుష్పవతి గారు కింద చాప మీద కూర్చుని పాడేవారు, సూర్యకాంతం గారు పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఒక్క వేలితో టైపు చేసేవారు. ఆరేళ్లలో రెండు వందల పద్నాలుగు పాటలయ్యాయి. పుస్తకం వేయిద్దామనుకున్నారు. పుస్తకం మీద పేరు చెల్లెలిదే ఉండాలని సూర్యకాంతం గారు ముందే తేల్చేశారు.

కిందటేడు మే నెలలో ఆ కంప్యూటర్ మొరాయించింది. ఆటోలో వేసి నా షాపుకు పంపారు. ఆన్ చేస్తే విండోస్ బొమ్మ వస్తుంది, నీలం తెర ఒక్క క్షణం మెరుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఎన్నిసార్లు వేసినా అదే వరస.

ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకు కంఠతా వచ్చు. ముందు తేదీ సరిగ్గా చూపిస్తోందో లేదో చూడాలి. వైర్లు, ర్యామ్ తీసి తుడిచి మళ్లీ పెట్టాలి. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటోందేమో చెవి పెట్టి వినాలి. డిస్కును ముట్టుకునే ముందు అందులో ఉన్నదంతా వేరేచోటికి తీసి పెట్టాలి. షాపుకు వచ్చినవాళ్లకు ఇవన్నీ ఉపన్యాసంలా చెప్తాను. ఆ రోజు ఒక్కటీ చేయలేదు.

మా ఊరి రిపేరువాళ్లందరికీ ఒక జబ్బుంది. ఏ కంప్యూటర్ లేవకపోయినా ఫార్మాట్ కొట్టేస్తాం. ఉన్నదంతా తుడిచేసి కొత్త విండోస్ ఎక్కిస్తే తొంభై శాతం లేచి కూర్చుంటుంది, మనకు పేరొస్తుంది. పైగా మర్యాద కింద నాలుగు ఆటలు, పది సినిమాలు ఖాళీ జాగాలో నింపి ఇస్తాం. అడక్కుండానే ఇచ్చామని జనం సంతోషిస్తారు. నేనూ అలాగే కొట్టేశాను, అలాగే నింపేశాను. అంతా అయ్యాక సూర్యకాంతం గారికి ఫోన్ చేసి, "టీచర్ గారూ, అందులో ముఖ్యమైనవేమన్నా ఉన్నాయాండీ?" అని అడిగాను.

"ముఖ్యమైనవంటే మా పాటలే నాయనా. తెర మీదే ఉంటాయి. ఇంకెక్కడా లేవు, జాగ్రత్త" అన్నారు ఆవిడ.

పోయినవాటిని వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్లు మూడు పెట్టి రెండు రోజులు కూర్చున్నాను. నేను నింపిన సినిమాలు ఆ పాటల మీదే కూర్చున్నట్టున్నాయి. ఒక్క పాట కూడా చదవడానికి వీలుగా రాలేదు.

అప్పుడు చూశాను గడియారం. కొత్త విండోస్‌లో తేదీ రెండు వేల తొమ్మిది, జనవరి ఒకటి అని ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కంప్యూటర్ తేదీనే కాదు, తన హార్డ్ డిస్క్‌తో ఎలా మాట్లాడాలో ఆ సెట్టింగును కూడా మరిచిపోతుంది. జబ్బల్లా అదే. ఆ బ్యాటరీ మార్చి ఒక్క సెట్టింగు సరిచేసి ఉంటే, రెండు వందల పద్నాలుగు పాటలతో సహా ఆ కంప్యూటర్ పది నిమిషాల్లో లేచేది. హార్డ్ డిస్క్ రాయిలా ఉంది.

ఆ మాట నిజాయితీగా చెప్పేసి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. కానీ నాకు పేరు ముఖ్యం. డబ్బా మూత తీసినప్పుడు పైన ఒక గడ్డిపరక, మామిడి సొన మరక కనిపించాయి. మా వైపు కాయలు మాగడానికి వెచ్చగా ఉన్నచోటల్లా పెడతారు. ఆ ఇంట్లో ఎవరో నడుస్తున్న కంప్యూటర్ డబ్బా మీద వరసగా కాయలు పెట్టారని చూడగానే అర్థమైంది. మరక మూత పైనే ఉంది, లోపల చుక్క కూడా పడలేదు. నాకు మాత్రం దేవుడు దారి చూపించినట్టే అనిపించింది. ఆ మాట రాస్తుంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

వేరే పాత డిస్కు ఒకటి వేసి, కంప్యూటర్ తీసుకెళ్లి ఇచ్చాను. "టీచర్ గారూ, డబ్బా మీద కాయలు పెట్టారు కదా, సొన లోపలికి కారిందండీ. హార్డ్ డిస్క్ పోయింది. ఎంత ప్రయత్నించినా పాటలు రాలేదు" అన్నాను. అంతటితో ఆగానా? "ఒక పెన్‌డ్రైవ్‌లో అన్నా పెట్టుకోవద్దాండీ, చదువుకున్నవాళ్లు మీరే ఇలా చేస్తే ఎలా?" అని ఆవిణ్ణే నిలదీశాను. ఆవిడ కుర్చీలో కూలబడిపోయారు. వెనక గుమ్మం దగ్గర పుష్పవతి గారు నిలబడి ఉన్నారు. ఆవిడ ఏదో అనబోయారు, నేను వినకుండా చెప్పులు వేసుకుని బయటపడ్డాను. అసలు డిస్కును తర్వాత కాలేజీ రోడ్డులో ఒక జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో బిగించాను. దివ్యంగా పనిచేస్తోంది.

ఈ ఏడాది మళ్లీ మే నెలలోనే సూర్యకాంతం గారు ఫోన్ చేశారు. కంప్యూటర్ లేవడం లేదు, లోపల టిక్కు టిక్కుమంటోంది అన్నారు. వెళ్లడానికి కాళ్లు రాలేదు, వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. ఈసారి నిజంగానే హార్డ్ డిస్క్ పోయింది, నేను వేసిన పాతది. అందులో ఏముందని అడిగాను.

"ఏముంది నాయనా, నాకు గుర్తున్న తొమ్మిది పాటలు ఎక్కించాను. అవి కాగితం మీద కూడా రాసి పెట్టుకున్నాలే" అన్నారు సూర్యకాంతం గారు.

"మరి పుష్పవతి గారి చేత మళ్లీ పాడించి ఎక్కించలేకపోయారా?" అన్నాను. నోరు జారి అన్నాను.

ఆవిడ ముఖం పక్కకు తిప్పుకున్నారు. "అది పాడదు. ఆ రోజు దాన్ని అనరాని మాటలన్నాను. ఆరేళ్ల కష్టాన్ని పది కాయల కోసం బుగ్గి చేశావన్నాను. అప్పట్నించీ ఏ పెళ్లికీ వెళ్లలేదు, నోరు తెరిచి పాడలేదు. మేమిద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోం."

అప్పుడే పుష్పవతి గారు మజ్జిగ గ్లాసుతో వచ్చి గుమ్మం అవతలే ఆగారు. చేయి చాచి గ్లాసు అందిస్తూ మెల్లగా అన్నారు. "బాబూ, ఈసారి నేనేం పెట్టలేదు. ఈ గదిలో కాలు పెట్టి ఏడాదైంది. కావాలంటే అక్కను అడుగు."

తల కొట్టేసినంత పనైంది నాకు. అరవై ఏళ్ల మనిషి, నాకంటే ఎన్నో రెట్లు పనిమంతురాలు, నా ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకుంటున్నారు. గ్లాసు కింద పెట్టేశాను. బ్యాటరీ సంగతి, ఫార్మాట్ సంగతి, సినిమాల సంగతి, సొన అబద్ధం సంగతి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పేశాను. ఎక్కడా నన్ను నేను వెనకేసుకురాలేదు. అదొక్కటే ఆ రోజు నేను చేసిన మర్యాదైన పని.

సూర్యకాంతం గారు నాతో కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. "గుడ్డ మడత పెట్టి వేశాను అక్కా, ముచిక దగ్గర సొనంతా తుడిచే పెట్టాను అంది. మూడుసార్లు అంది. నేను వినలేదు. ఎవరో రిపేరు చేసేవాడు ఒక్కసారి చెప్తే నమ్మాను, నలభై ఏళ్లు కలిసి బతికినదాన్ని నమ్మలేదు."

"ఆ కాయలు నీ కోసమే పెట్టాను అక్కా. టైపు చేస్తూ రోజుకొకటి తింటావని" అన్నారు పుష్పవతి గారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పారు, అంతే. తర్వాత నా వైపు తిరిగారు. "మరి ఆ డిస్కు ఏం చేశావు బాబూ?"

జిరాక్స్ షాపులో ఉందని చెప్పాల్సి వచ్చింది. నేలలోకి కూరుకుపోతే బాగుండనిపించింది.

"బాగా పనిచేస్తోందా?"

"చేస్తోందండీ."

"అయితే నా వల్ల పాడవలేదన్నమాట" అన్నారు. కళ్ల నీళ్లు కొంగుతో తుడుచుకున్నారు. "చదువుకున్నవాడివి నువ్వు చెప్పావు కదాని, నేనే గుడ్డ సరిగ్గా వేయలేదేమో అనుకున్నాను. రోజూ అదే తలచుకునేదాన్ని."

సూర్యకాంతం గారు లేచి వెళ్లి ఆవిడ చేయి పట్టుకున్నారు. క్షమించమని అడగడం ఆవిడకు చేతకాలేదు. టీచరుగా బతికిన మనిషి కదా, అలవాటైన దారిలోనే అడిగారు. లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, తాను చాప మీద కూర్చుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని పెన్ను మూత తీశారు. "పాడవే పుష్పా. అప్పగింతలది, పెద్దది. నేను రాస్తాను."

పుష్పవతి గారు గొంతు సవరించుకుని ఎత్తుకున్నారు. బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయింది. మొదటి చరణం వచ్చింది. రెండోది సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు, మళ్లీ అక్కడే ఆగింది. సూర్యకాంతం గారు అందివ్వబోయారు గానీ ఆవిడకూ తెలియలేదు. ఏడాదిపాటు పాడకుండా ఉంచిన పాట అది. పక్కింటివాళ్లను అడుగుదామంటే, అది వాళ్లకు నేర్పిందీ ఈవిడే, వాళ్లు పాడేది మొదటి చరణమొక్కటే.

పుష్పవతి గారు తల పైకెత్తి నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఇసుమంతైనా లేదు, ఆశే ఉంది.

"నువ్వు చూసే ఉంటావు కదా బాబూ, నీ దగ్గర అన్ని రోజులున్నాయి కదా పాటలు. తర్వాత ఏముంటుంది?"

ఆ పాటలను తుడిచేసినవాణ్ణి నేను. వాటిలో ఒక్కటి కూడా ఎప్పుడూ తెరిచి చదవలేదు. ఆ మాట కూడా ఆవిడ ముఖం చూస్తూ నేనే చెప్పాను.