మనవి లేని దరఖాస్తు

ఏడో తరగతి చదివినవాడికి అమెరికా చరిత్ర ఎందుకని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది డిగ్రీలున్నవాళ్లే. ఆ దేశానికి వీసా ఎట్లా వస్తుందో వాళ్లకు తెలుసు. ఆ దేశం ఎట్లా పుట్టిందో అడగండి, ఒక్కడికీ తెలియదు.

నాకు తెలుసు. ఎనభైల్లో సంగారెడ్డి బస్టాండు దగ్గర పాత కాగితాల దుకాణంలో ఆ పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ఓడ సముద్రం నడుమ ఉండగా కథ మొదలయ్యేది. ఎవరు రాశారో ఈరోజుకీ తెలియదు. చిట్కుల్‌లో నా కిరాయి గదిలో దాన్ని నాలుగుసార్లు చదివాను. పటాన్‌చెరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో మధ్యాహ్నం సద్ది విప్పుకున్నప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి. ఓడ కిరాయి లేక నాలుగేళ్లకో ఏడేళ్లకో చాకిరీ రాసిచ్చి సముద్రం దాటినవాళ్ల సంగతి చెబితే, "కంట్రాక్టోడు గప్పట్నే ఉన్నడన్నట్టు!" అన్నారు. మొదటి చలికాలంలోనే సగంమంది చచ్చిపోయారని, మిగిలినవాళ్లకు అక్కడి ఆదివాసులు మక్కజొన్న వేయడం నేర్పారని చెబితే, బాయిలర్ దగ్గర పనిచేసే చాచా నోటిదాకా తెచ్చిన రొట్టెను ఆపేశాడు.

"మక్కలు ఆళ్లయా? మనయి కావా?"

"ఆళ్లయే చాచా. మనకు ఆడికెల్లే వచ్చినయి."

"ఛల్! మా తాత మక్కరొట్టెలే తిన్నడు. మా తాత ఎన్నడన్న అమెరికా పోయిండా?"

ఆ రోజు నుంచి నా పేరు అమెరికా సారు.

ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసింది స్వాతంత్ర్యం కోసం వాళ్లు చేసిన యుద్ధమనుకుంటారేమో. యుద్ధం ఎవడైనా చేస్తాడు. వాళ్లు యుద్ధం నడుమ కూర్చుని ఒక కాగితం రాశారు. సముద్రం అవతలి రాజు తమకు ఏమేం చేశాడో ఒకదాని కింద ఒకటి రాసి, లోకం ముందు పెట్టి, కింద పేర్లు రాసుకున్నారు. దొరికితే ఉరి అని తెలిసే రాసుకున్నారు. తప్పులు లేవా? మనుషులంతా సమానమని రాసినవాళ్లలో బానిసలను కొన్నవాళ్లున్నారు. మక్కజొన్న నేర్పినవాళ్ల భూములే లాక్కున్నారు. ఆ పేజీల దగ్గర పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. మళ్లీ తీసి చదివాను. రాసిన మాట రాసినవాళ్లకంటే పెద్దది, ఏం చేస్తాం!

ఒక ఎండాకాలం మా ఆసిడ్ సెక్షన్‌లో నా పక్కన పనిచేసే మనిషికి చెయ్యి కాలింది. గ్లౌజులు ఎందుకివ్వరని సూపర్‌వైజర్‌ను నలుగురిలో అడిగాడు. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు, పని లేదు పొమ్మన్నారు. అతను రోజూ టిఫిన్ డబ్బాతో వచ్చి, గేటు బయట కొంతసేపు నిలబడి తిరిగి వెళ్లేవాడు. తహసీల్ ఆఫీసు ముందు దరఖాస్తులు రాసే ఆయన దగ్గర రెండుసార్లు రాయించి మేనేజర్‌కు పంపాడు. నకలు నాకు చూపించాడు. "మేనేజర్ గారి దివ్య సముఖమునకు పాదములు మొక్కి చేసుకొను మనవి ఏమనగా" అని ఉంది. చెయ్యి కాలింది ఇతనికి, మొక్కేదీ ఇతనే!

ఆ రాత్రే నేనొకటి రాశాను. గ్లౌజులు అడిగాము, ఇవ్వలేదు. చెయ్యి కాలింది, దవాఖానకు పంపలేదు. ఎందుకని అడిగితే గేటు మూశారు. ఇది అన్యాయం. అతన్ని పనిలోకి తీసుకోవాలి, అందరికీ గ్లౌజులు ఇవ్వాలి. అంతే. మర్నాడు సద్దుల దగ్గర చదివి వినిపించాను.

"మనవి ఏది?" అన్నాడు చాచా.

"లేదు."

"మనవి లేంది దరఖాస్తు ఎట్లయితది భాయ్? సలాం కొట్టకుంట ఇంట్లకు చొర్రబడ్డట్టు."

"ఆళ్లు గూడ రాజుకు మనవుల మీద మనవులు పంపిండ్రు చాచా. రాజు ఇనలే. ఇగ బతిమాలుడు బంద్ జేసి గట్ల రాసిండ్రు."

"రాజు సముద్రం అవుతల ఉండె. మన మేనేజర్ మెట్లెక్కితే ఉంటడు!"

ఇంకొకతను సంతకాలు గుండ్రంగా చుట్టూ పెడదామన్నాడు, మొదట ఎవడు పెట్టాడో తెలియకుండా. నాకు కోపం ఆగలేదు. "ఉరితాడు కండ్ల ముంగట ఉన్నా ఆళ్లు వరసగ పెట్టిండ్రు సంతకాలు, మనకు గుండ్రం గావాల్నా?" అని అరిచాను.

"గట్లయితె నువ్వే షురూ జెయ్యి, అమెరికా సారూ."

పెన్ను నా చేతిలోనే ఉంది. గది కిరాయి గుర్తొచ్చింది, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. పెన్ను రాయడం లేదన్నట్టు రెండుసార్లు విదిలించాను. సిరా బాగానే ఉంది.

డ్రమ్ములు కడిగే అక్క ఒకామె మాతోపాటే తినేది. వయసులో నాకంటే పెద్దది. డబ్బా మూత పెట్టి అడిగింది.

"ఏమయ్య సారూ, గా అమెరికోళ్ల కాయితం మీద ఆడోళ్లు ఎంతమంది పెట్టిండ్రు సంతకం?"

"ఒక్కరు గూడ లేరక్కా."

"ఒక్కరు లేరా? అన్యాయం అన్యాయం అని గంత రాసిండ్రు, ఇంట్ల ఆడోళ్లను అడగనే లేదా? ఇటు తే పెన్ను."

తన బిడ్డ పలక మీద నేర్చుకున్న అక్షరాలు ఆమెవి. పలక మీద రాసినంత పెద్దగానే రాసింది. కింద ఉన్న ఖాళీలో సగం ఆమె పేరుకే పోయింది.

"అక్కా, మిగిలినోళ్లకు జాగ?"

"ఎనక రాసుకోండ్రి."

రెండో సంతకం నాది. మూడోది చాచాది, ఉర్దూలో. మిగిలిన వాళ్లు కాగితం వెనకే రాసుకున్నారు.

కాగితం ఆఫీసులో ఇచ్చిన రెండు రోజులకు పిలుపు వచ్చింది. మొదటి సంతకం వాళ్లు రావాలన్నారు. ఆమె వెళ్లింది, వెనక నేను. మేనేజర్ కాగితం ఇటూ అటూ తిప్పి, "ఇదేం దరఖాస్తు? ఇందులో మనవి ఎక్కడ?" అన్నాడు.

నేను గొంతు సవరించుకునేలోపు ఆమె అనేసింది.

"మనవి రెండుసార్లు పంపినం సారు. మీరు సదవలే. ఇది సదివిండ్రు కదా."

ఆయన కాగితం మీది పేరునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆమె కళ్లు దించలేదు. అంత ధైర్యం నేను పుస్తకంలోనే చూశాను, అది కూడా మగవాళ్లలో.

మరుసటి సోమవారం గేటు దగ్గర వాచ్‌మన్ ఆ చెయ్యి కాలిన మనిషిని ఆపలేదు. అతను లోపలికి వచ్చి, తన మెషిన్ దగ్గర నిలబడి, కాసేపు ఏం చేయాలో తెలియనట్టు చూశాడు. గ్లౌజుల మూట కూడా వచ్చింది. మొదటి జత అతనికే ఇచ్చారు. తొడుక్కుని చూస్తే రెండూ ఎడమ చేతివే.

మూటంతా విప్పి చూశాం. అన్నీ ఎడమవే. మేమంతా నవ్వుతున్నాం, అతనూ నవ్వుతున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

"సారూ, ఇంకో కాయితం తియ్యి" అంది.