పక్కింటి గేటుకు మొలిచిన గడ్డం

ఒక్క గడ్డి దుబ్బు నాటి పక్కింటి వాళ్ళ నిశ్చితార్థాన్ని దాదాపు చెడగొట్టిన ఘనుణ్ణి నేను. ఎలాగంటారా? అప్పట్లో నాకూ అర్థం కాలేదు.

బ్రాడీపేటలో అద్దెకుండేవాళ్ళం. పెరట్లో బట్టలుతికిన నీళ్ళన్నీ ఒక మూలకి చేరేవి. అక్కడ దోమలు తప్ప ఏవీ పెరిగేవి కావు. పొదిలి నుంచి వస్తూ, వాగు పక్కన తెల్లటి కుచ్చులతో ఊగుతున్న రెల్లుని చూసి మనసు పారేసుకున్నాను. ఒక దుబ్బు తవ్వి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఆ బురదలో నాటాను.

"చెరకా?" అంది మా ఆవిడ పద్మ.

"కాదు, అందానికి పెంచే గడ్డి."

"గడ్డికి అందమేంటండీ" అంటూ లోపలికి పోయింది.

తడి బాగా పట్టిందేమో, మరుసటి దసరాకి గోడ దాటి పెరిగి తెల్లగా పూసింది. కాఫీ గ్లాసుతో దాని ముందు జమీందారులా నిలబడేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే పక్కింటి నాగేశ్వరరావు గారు కొడుకు నిశ్చితార్థమని గేటుకి ఎర్ర రంగు వేయించారు. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచారు.

"మాస్టారూ, మా గేటుకి గడ్డం మొలిచిందండి."

నిజమే. పచ్చి రంగుకి తెల్లటి నూగు అతుక్కుపోయి గేటు పండు ముసలాయనలా ఉంది.

"పత్తి లారీ ఏదో పోయుంటుందండి" అన్నాను.

గీకించి మళ్ళీ రంగు వేయించారు. మళ్ళీ గడ్డం. మా సందులో లారీ పట్టదన్న సంగతి నాకప్పుడు తట్టింది. దాంతో అనుమానం వీధి చివరి పరుపుల షాపు మీదికి మళ్ళింది. నాగేశ్వరరావు గారిని వెంటబెట్టుకుని నేనే ముందు నడిచాను.

"ఏమయ్యా మస్తాన్, నీ దూదంతా మా గేట్ల మీదికేనా?"

"మా దగ్గర దూదెక్కడిది మాస్టారూ, అన్నీ స్పాంజి పరుపులేగా" అన్నాడు షాపు మస్తాన్. కాసేపు నా తల వంక చూసి, "మరి మీ జుట్టులో ఉన్నదేంటండి?" అని అడిగాడు.

తడుముకున్నాను. అదే నూగు. నా తలలోకి ఎలా వచ్చిందో అంతుబట్టలేదు. తేల్చుకుందామని మస్తాన్ కూడా మా వెంట వచ్చాడు. ముగ్గురం గేటు ముందు నిలబడి బుర్రలు గోక్కుంటుంటే గాలి వీచింది. మా పెరటి గోడ మీంచి తెల్లటి మబ్బొకటి లేచి, మెల్లగా మా ముందు నుంచే వెళ్ళి గేటు మీద వాలింది.

నాగేశ్వరరావు గారు గోడ వంక చూశారు. తర్వాత నా వంక చూశారు.

"అందానికని పెంచానండి" అన్నాను.

కుచ్చులన్నీ అప్పటికప్పుడే కోసేశాను గానీ, మళ్ళీ రంగు వేసే వ్యవధి లేదు. ఆడపెళ్ళివాళ్ళు సింగరాయకొండ నుంచి రానే వచ్చారు. కారు దిగుతూనే పెళ్ళికూతురి తండ్రి గేటుని చేత్తో నిమిరారు.

"వెల్వెట్ పెయింటా బావగారూ? మెత్తగా బావుంది. ఏ కంపెనీదండి?"

నాగేశ్వరరావు గారు నన్ను చూపించి, "మా మాస్టారి సొంత తయారీ అండి. అడిగితే మీ గేటుకీ వేసి పెడతారు" అన్నారు.

ఇక ఈ జన్మలో ఏది నాటినా, చుట్టుపక్కల ఎవరింటికీ రంగులు వేయించడం లేదని కనుక్కున్నాకే గునపం పడతానని ఆ సాయంత్రమే ప్రమాణం చేశాను. నమ్మకం లేకపోతే పద్మని అడగండి. చేయించింది తనే.