లచ్చమ్మ గేటు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిటికీ ముందునుంచి మెట్రో వెళ్లినప్పుడల్లా గాజు పలకలు సన్నగా అదురుతాయి. ఆ అదురు వినగానే నాకు కొమురయ్య తాత గుర్తొస్తాడు. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరై, సరూర్‌నగర్‌లో మేము అద్దెకున్న ఇంట్లోనే పక్క వాటాలో ఉండేవాడు. ఎవరి మాటా ఊరికే నమ్మేవాడు కాదు. పాలు పోసే మనిషి వాన పడుతోందని చెప్పినా, వాకిట్లోకొచ్చి చెయ్యి చాపి చూసేవాడు.

అప్పట్లో ఎల్బీ నగర్‌లో ఒక చిన్న పత్రికలో కొత్తగా చేరాను. ఊళ్ల పేర్ల మీద శీర్షిక నాకు అప్పజెప్పారు. తాత పుట్టిన లచ్చమ్మ గేటు గురించి రాద్దామనుకున్నాను. నల్లగొండ వైపు రైలు గేటు దగ్గర, కట్ట పక్కన ముప్పై ఇళ్ల వాడ అది. అక్కడ పూర్వం లక్ష్మీదేవి గుడి ఉండేదనీ, పేరు అలా వచ్చిందనీ దాని పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన ఫోన్‌లో చెప్పాడు. రాసింది తాతకు చదివి వినిపించాను.

"గాడ గుడెక్కడిది బిడ్డా? లచ్చమ్మంటే మనిషి. గేటుకాడ గ్యాంగోళ్లకు రొట్టెలు చేసి పెట్టేది. ఆమె గుడిసె సుట్టే కడమ గుడిసెలు లేసినయి."

"ఆమె అక్కడికి ఎందుకొచ్చింది తాతా?"

"ఒచ్చింది. గంతే."

లేచి లోపలికి వెళ్లిపోయాడు. అంత వివరంగా చెప్పిన మనిషి ఆ ఒక్క ప్రశ్నకు మొహం తిప్పుకోవడం నాకు వింతగా తోచింది. వారం తర్వాత తాత కంటి ఆపరేషన్ కోసం దవాఖాన కాగితం నింపుతూ తల్లి పేరు అడిగాను. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"లచ్చమ్మ" అన్నాడు చివరికి.

తల్లి గొప్ప కోసం కథ అల్లాడా? నా అనుమానం మొహంలో కనబడినట్టుంది.

"నా మాట గూడ నమ్మకు. పోయి అడుగు" అన్నాడు.

వెళ్లాను. గేటు దగ్గరి ఇంట్లో పళ్లూడిన ముసలమ్మ ఒకామె చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"గా పక్కూర్ల పిల్లలు జరమొచ్చి సచ్చిపోతే, లచ్చమ్మ మంత్రాలు పెట్టి బాణామతి చేసిందని తరిమిండ్రు. కడుపుతోని ఉండె. గిది రైలోళ్ల జాగ, ఊరోళ్ల జోరు నడ్వదని ఈడ గుడిసేసుకున్నది. కొడుకును ఈడనే కన్నది. గప్పుడు తరిమినోళ్ల మనుమలే గిప్పుడు గుడి ఉండెనంటుండ్రు."

తిరిగొచ్చి విన్నదంతా తాతకు చెప్పాను. తలొంచుకుని విన్నాడు.

"ఊరంత ఒక్కటే మాట అన్నది బిడ్డా. సూసినోళ్లెవరని ఒక్కలన్న అడగలే."

"రాయమంటారా?"

"రాయి. బాణామతి ముచ్చట గూడ రాయి. దాపెట్టి దాపెట్టి నేను అలిసిపోయిన."

అంతా రాశాను. అచ్చయిన రోజు ఆ పెద్దమనిషి ఫోన్ చేసి తిట్టాడు. తాత మాత్రం నాతో రెండుసార్లు చదివించుకుని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన పోయి నాలుగేళ్లు. ఇవాళ్టికీ పదిమంది కలిసి ఒక మనిషి గురించి ఒకే మాట చెబితే, నాకు నమ్మకం కలగదు. భయం వేస్తుంది.